ఎవరిని అడగాలో తెలిసినవాళ్ళే ఇంజనీర్లు: కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థులతో మాటామంతీ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

నన్ను కెరీర్ గురించి, పరిచయాలు పెంచుకోవడం గురించి మాట్లాడమన్నారు. నెట్‌వర్కింగ్ అనగానే మీలో సగంమంది మొహాలు ఎలా మారాయో ఇక్కడినుంచి కనపడుతూనే ఉంది. పెద్దవాళ్ళని కాకా పట్టడం, సిఫార్సు చేయించుకోవడం, మొహమాటం వదిలేసి తెలియనివాళ్ళ వెంటపడటం, ఇదే కదా మీ మనసులో ఉన్నది. అలాంటిదే అయితే నేనిక్కడికి వచ్చేవాణ్ణి కాదు. మన వృత్తిలో ఏ విషయం ఎవరికి తెలుసో తెలిసి ఉండటం, సమయానికి వాళ్ళని అడగగలగడం కూడా ఇంజనీరింగ్ పనే. హీట్ బ్యాలెన్స్, అంటే వచ్చే వేడికీ పోయే వేడికీ లెక్క, వేయడం ఎంత పనో ఇదీ అంతే పని. ఉద్యోగం దాని వెనకాల వస్తుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, కొంచెం బాధ కలిగించేదే. ఇంగ్లాండ్‌లో ఫ్లిక్స్‌బరో అనే ఊళ్ళో నైలాన్‌కి కావలసిన కాప్రోలాక్టమ్ తయారుచేసే ప్లాంట్ ఉండేది. సైక్లోహెక్సేన్‌ని ఆక్సీకరణ చేయడానికి ఆరు రియాక్టర్లు వరసగా ఉండేవి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారేలా. 1974 మార్చి చివర్లో అయిదో రియాక్టర్‌కి పగులు కనపడింది. దాన్ని తీసేసి, నాలుగునీ ఆరునీ కలుపుతూ తాత్కాలికంగా ఒక పైపు వేద్దామనుకున్నారు. రియాక్టర్లకున్న నోళ్ళు 28 అంగుళాలు, దొరికిన పైపు 20 అంగుళాలు. రెండు రియాక్టర్ల ఎత్తులు వేరు కాబట్టి పైపుని వంపు తిప్పి, రెండు చివర్లా బెల్లోస్ (ముడతలు ముడతలుగా ఉండి సాగే అతుకు గొట్టాలు) బిగించి, కింద స్కాఫోల్డింగ్ ఆసరా పెట్టారు. ఆ పైపు డ్రాయింగ్ ఏదని అడిగితే, వర్క్‌షాప్ నేలమీద సుద్దముక్కతో గీసిన బొమ్మ. అంతే. లోపల పీడనం ఆ వంపు పైపుని మెలితిప్పితే బెల్లోస్ తట్టుకుంటాయా అని ఎవరూ లెక్క వేయలేదు. ఎందుకు వేయలేదంటే అది వేయవలసిన వర్క్స్ ఇంజనీర్ కుర్చీ అప్పటికి ఖాళీగా ఉంది. ఆయన వెళ్ళిపోయాక ఇంకెవర్నీ తీసుకోలేదు. ఉన్నవాళ్ళు చేతకానివాళ్ళేం కాదు, కష్టపడేవాళ్ళే. కానీ ఇది తమకి తెలియని విషయమని వాళ్ళకి తట్టలేదు, బయట ఎవరినన్నా అడుగుదామన్న ఆలోచనా రాలేదు. జూన్ 1, శనివారం సాయంత్రం ఆ పైపు తెగిపోయింది. వేడి సైక్లోహెక్సేన్ మబ్బులా కమ్ముకుని పేలింది. 28 మంది చనిపోయారు, అందులో 18 మంది కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్ళే.

పైపుల మీద ఒత్తిడి లెక్కలు తెలిసిన మనిషి ఒక్కడు ఆ వర్క్‌షాప్‌లో ఆ సుద్దబొమ్మని చూసి ఉంటే ఏమని ఉండేవాడో ఆలోచించండి. కనీసం ఫోన్‌లో విన్నా సరే. నేను పరిచయాలు అంటున్నది వీటినే. మీరు రేపు ఏదో ప్లాంట్‌లో అర్ధరాత్రి షిఫ్ట్‌లో ఉంటారు, ఏదో తేడాగా కనపడుతుంది, ఫోన్ చేసి "సార్, ఇది మీరెప్పుడైనా చూశారా?" అని అడగటానికి మీకు నలుగురైనా ఉండాలి. ఆ నలుగురూ ఉద్యోగంలో చేరిన రోజున పుట్టుకురారు. చదువుకునేటప్పటినుంచే ఒక్కొక్కరుగా పోగవుతారు.

సరే, ఇప్పుడు మీ అసలు బెంగకి వద్దాం. మన బ్రాంచ్‌కి ఉద్యోగాలెక్కడ ఉన్నాయి? ఎవరిని కదిపినా రిఫైనరీ, ఎరువులు, కాకపోతే ఫార్మా, ఇంకా కాకపోతే సాఫ్ట్‌వేర్ అంటారు. ఈ లెక్క చాలా చిన్నది. ఆండ్రూ గ్రోవ్ అని, ఇంటెల్‌ని ఏళ్ళ తరబడి నడిపినాయన, 1963లో బర్కిలీలో కెమికల్ ఇంజనీరింగ్‌లోనే పీహెచ్‌డీ చేశాడు. ఆయన పరిశోధన స్తంభంలాంటి సిలిండర్ చుట్టూ ద్రవం ఎలా పారుతుందన్నదాని మీద. అక్కణ్ణుంచి సిలికాన్ చిప్పుల్లోకి వెళ్ళాడు. చిప్పుల తయారీలో ఏముంటుందనుకుంటున్నారు? పొరలు పొరలుగా పదార్థం పేర్చడం, యాసిడ్లతోనో ప్లాస్మాతోనో తొలచడం, వాయువుల శుద్ధి, ఉష్ణోగ్రత కంట్రోల్. మనం చదివే రియాక్షన్ కైనెటిక్స్ (చర్య ఎంత వేగంగా జరుగుతుందన్నది), మాస్ ట్రాన్స్‌ఫరే (పదార్థం ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరడం) అక్కడా ఉన్నాయి. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ ముందు మెకానికల్, ఏరోస్పేస్ చదివి, తర్వాత కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి, ఎంజైముల మీద పనిచేసి 2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు.

నాకు ఇంకా ఇష్టమైన పేరు మార్గరెట్ హచిన్సన్ రూసో. 1937లో ఎంఐటీ నుంచి కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు, అమెరికాలో అలా తీసుకున్న మొదటి మహిళ. యుద్ధకాలంలో పెన్సిలిన్ ఇచ్చే బూజుని ఫ్లాస్కుల్లో, సీసాల్లో పైపైన పెంచుతుండేవారు, అలా చేస్తే ఎంత వస్తుంది? దాన్ని పెద్ద ట్యాంకుల్లో లోపలిదాకా పెంచాలి, అంటే లోపలికి శుభ్రమైన గాలి పంపాలి, కలపాలి, వేడి తీసేయాలి, ఒక్క పరాయి సూక్ష్మజీవి కూడా దూరకుండా చూడాలి. పెట్రోలియం పనులు తెలిసిన ఆ ఇంజనీర్ జీవశాస్త్రం తెలిసినవాళ్ళతో కలిసి కూర్చుని ఆ ప్లాంట్ డిజైన్ చేశారు. ఆమెకి బూజు గురించి అంతా తెలిసి ఉండాల్సిన అవసరం లేదు, తెలిసినవాళ్ళని ఏం అడగాలో తెలిస్తే చాలు. 1945లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ ఇంజనీర్స్‌లో సభ్యత్వం పొందిన తొలి మహిళ కూడా ఆవిడే.

కాబట్టి "ఏ పరిశ్రమలోకి వెళ్ళాలి" అన్న ప్రశ్నకంటే "ఏ రకం పని నాకు పడుతుంది" అన్న ప్రశ్న ముందు వేసుకోండి. ప్రాసెస్ డిజైన్ ఆఫీసులో రోజంతా పీ అండ్ ఐడీ డ్రాయింగులు (ప్లాంట్‌లోని పైపులు, పరికరాలు చూపించేవి), డేటా షీట్లు, మీటింగులు. ప్లాంట్‌లో పని వేరు, అక్కడ పొద్దున్నే రాత్రి షిఫ్ట్‌వాళ్ళు రాసిపెట్టిన లాగ్ బుక్ చదవడంతో రోజు మొదలవుతుంది. ప్రాసెస్ సేఫ్టీలో గంటల తరబడి ఒక గదిలో కూర్చుని "ఈ వాల్వ్ మూసుకుపోతే ఏమవుతుంది, ఈ పంపు ఆగిపోతే ఏమవుతుంది" అని లైన్ లైన్‌కీ అడుగుతూ హజాప్ అనే ప్రమాదాల ముందస్తు పరిశీలన చేస్తారు. అది కొందరికి చచ్చే బోరు, కొందరికి ప్రాణం. స్కేల్-అప్ (ల్యాబ్‌లో చేసినదాన్ని ప్లాంట్ సైజుకి పెంచడం), కంట్రోల్ సిస్టమ్స్, నీటి శుద్ధి, బ్యాటరీలు, క్యాటలిస్ట్ కంపెనీల్లో టెక్నికల్ సేల్స్, పర్యావరణ అనుమతులు, పేటెంట్లు, ఇవన్నీ ఉన్నాయి. వీటిలో ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో ఏ వెబ్‌సైటూ చెప్పదు, ఆ పని చేసే మనిషే చెప్పాలి. మీరు మనుషులతో మాట్లాడవలసిన మొదటి కారణం ఇదే.

మరి ఎవరితో మాట్లాడాలి? మీ దగ్గరి స్నేహితులకి తెలిసిందంతా దాదాపు మీకూ తెలుసు. ఒకే క్లాసు, ఒకే వాట్సాప్ గ్రూపు. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉద్యోగాలు మారినవాళ్ళని అడిగి చూసి 1973లో ఒక పరిశోధన వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్ళలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్ళు దాదాపు 17 శాతమే. అప్పుడప్పుడూ కలిసేవాళ్ళు 56 శాతం దాకా, అరుదుగా కలిసేవాళ్ళు 28 శాతం. అంటే మీకు పనికొచ్చే కబురు ఎక్కువగా దూరపు పరిచయాల నుంచే వస్తుంది. రెండేళ్ళ కిందటి సీనియర్, ల్యాబ్‌కి పరికరం బిగించడానికి వచ్చిన సర్వీస్ ఇంజనీర్, గెస్ట్ లెక్చర్‌కి వచ్చి వెళ్ళినావిడ, ఇంటర్న్‌షిప్‌లో పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాయన. వాళ్ళకి మీరు పెద్దగా గుర్తుండరు. గుర్తుండేలా ఒక్క మంచి ప్రశ్న అడిగితే సరిపోతుంది.

ఇప్పుడు ఆ ప్రశ్న సంగతి. నాకు వచ్చే మెసేజీల్లో చాలావరకు ఇలా ఉంటాయి: "సార్, నేను కెమికల్ ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. మీ కంపెనీలో ఏదైనా ఓపెనింగ్ ఉంటే చెప్పండి. రెజ్యూమే జతచేశాను." దీనికి జవాబు ఏం రాయాలో నిజంగా తెలియదు. కాదనడానికీ మనసొప్పదు, అవుననడానికీ లేదు, అలా ఉండిపోతుంది. ఇంకో రకం మెసేజ్ చదువుతాను, మీకోసమే రాసుకొచ్చాను. ఇందులో డీడబ్ల్యూసిమ్ అంటే ప్లాంట్‌ని కంప్యూటర్లో కట్టి చూసే సాఫ్ట్‌వేర్, ట్రే ఎఫిషియెన్సీ అంటే కాలమ్‌లోని ఒక్కో ట్రే ఆదర్శంగా చేయగలిగినదాంట్లో ఎంత శాతం వేరుచేస్తుందన్నది:

"నమస్తే మేడమ్. నేను కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మీరు సాల్వెంట్ రికవరీలో పనిచేశారని మీ లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లో చూశాను. మా ప్రాజెక్టులో ఇథనాల్, నీళ్ళు వేరుచేసే కాలమ్‌ని డీడబ్ల్యూసిమ్‌లో కట్టాం. ట్రే ఎఫిషియెన్సీ వంద శాతం అనుకుంటే అన్నీ కలుస్తున్నాయి, 60 శాతం పెడితే ట్రేల సంఖ్య బాగా పెరిగిపోతోంది. డిజైన్ మొదట్లో మీలాంటివాళ్ళు ఈ అంకెని దేన్నిబట్టి అనుకుంటారు? రెండు లైన్లు రాసినా చాలు, వీలైతే ఈ వారం పావుగంట ఫోన్‌లో మాట్లాడతాను."

తేడా చూశారా. ఇందులో ఉద్యోగం మాటే లేదు. తను ఏం చేశాడో చెప్పాడు, ఎక్కడ ఆగిపోయాడో చెప్పాడు, ఆవిడకి మాత్రమే తెలిసే విషయం అడిగాడు, ఎంత సమయం కావాలో కూడా చెప్పేశాడు. పనిచేసే ఇంజనీర్‌కి ఇలాంటి మెసేజ్ వస్తే జవాబివ్వకుండా ఉండటం కష్టం, ఎందుకంటే ఆవిడా ఒకప్పుడు ఆ అంకె దగ్గరే ఆగిపోయి ఉంటుంది. డీడబ్ల్యూసిమ్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, ఖరీదైన లైసెన్స్ లేదన్న సాకు దానితో పోతుంది. ఒక జాగ్రత్త మాత్రం, కంపెనీ అంకెలు అడగకండి. వాళ్ళ రియాక్టర్ ఉష్ణోగ్రత ఎంత, క్యాటలిస్ట్ ఏమిటి, ఈల్డ్ ఎంత, ఇవన్నీ వాళ్ళు సంతకం పెట్టి దాచవలసిన విషయాలు. అడిగితే మీ మీద నమ్మకం పోతుంది, వాళ్ళనీ ఇరుకున పెట్టినట్టవుతుంది. "ఎంత" అని కాకుండా "ఎలా ఆలోచిస్తారు" అని అడగండి.

మాట్లాడాక చేయవలసిన పని ఒకటుంది, దాన్ని మాత్రం దాదాపు ఎవరూ చేయరు. థాంక్స్ అందరూ చెప్తారు. నెల తర్వాత "మేడమ్, మీరు చెప్పినట్టు ఓ'కానెల్ కోరిలేషన్‌తో ట్రే ఎఫిషియెన్సీ అంచనా వేశాం, ఇంత వచ్చింది, రిపోర్ట్‌లో అలాగే పెట్టాం" అని ఒక్క లైను రాసేవాళ్ళు అరుదు. తన మాట ఎక్కడికి వెళ్ళిందో తెలియడం ఎదుటివాళ్ళకి ఎంత బాగుంటుందో మీరూ ఎవరికైనా పాఠం చెప్పి చూస్తే తెలుస్తుంది. పరిచయం నిలబడేది ఆ లైన్ దగ్గరే. తర్వాత ఎప్పుడో ఆవిడ టీమ్‌లో ఖాళీ వచ్చినప్పుడు మీ పేరు దానంతటదే గుర్తొస్తుంది.

ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అక్కడ మేనేజర్ల చుట్టూ తిరిగి వచ్చేస్తుంటారు, అది పెద్ద నష్టం. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ పక్కన కూర్చోండి, ఫీల్డ్‌లోకి వెళ్ళే ఆయనతో, ఆయన ఒప్పుకుంటే, రౌండ్‌కి వెళ్ళండి. పంపులో కావిటేషన్ (ద్రవంలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం) వస్తే ఎలా ఉంటుందో పుస్తకంలో ఎన్‌పీఎస్‌హెచ్ (అది రాకుండా పంపు లోపలికి వచ్చేచోట ఉండాల్సిన పీడనం) సమీకరణంతో చదివారు కదా, అక్కడ ఆయన పంపు దగ్గర ఆగి "విను" అంటాడు, లోపల గులకరాళ్ళు తిరుగుతున్నట్టు చప్పుడు. ఆ తర్వాత ఆ సమీకరణం ఈ జన్మలో మర్చిపోరు. సక్షన్ ట్యాంక్‌లో మట్టం ఎంతుందో, స్ట్రెయినర్ ఎప్పుడు శుభ్రం చేశారో ఆయన వరసగా చెప్పుకుపోతాడు. ఇరవై ఏళ్ళుగా అదే యూనిట్‌ని చూస్తున్న మనిషికి తెలిసింది డ్రాయింగ్‌లో ఉండదు. ఆయన్ని గౌరవంగా "మీరు" అని పిలవండి, టోపీ పెట్టుకోమంటే పెట్టుకోండి, వాల్వ్ ముట్టుకోవద్దంటే ముట్టుకోకండి, చెప్పింది చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్ బయటకి తీయకండి, చాలాచోట్ల ఆ ఏరియాలోకి అసలు రానివ్వరు కూడా.

సంఘాల గురించి త్వరగా చెప్పేస్తాను. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ 1908లో మొదలైంది, బ్రిటన్‌లో ఐకెమ్ఈ 1922లో. వీటికి విద్యార్థి సభ్యత్వాలు ఉన్నాయి. సర్టిఫికెట్ కోసమే చేరితే పెద్ద ఉపయోగం లేదు. వాటిలో ఏదో ఒక పని నెత్తిన వేసుకుంటే మాత్రం చాలా ఉంది. కెమ్-ఈ-కార్ పోటీ వినే ఉంటారు, చెప్పుల డబ్బా అంత బండి రసాయన చర్యతోనే నడవాలి, రసాయన చర్యతోనే ఆగాలి, ఎంత బరువు మోయాలో ఎంత దూరం వెళ్ళాలో పోటీకి గంట ముందు చెప్తారు. బ్రేకులుండవు. అయోడిన్ క్లాక్‌తో, అంటే కొంతసేపటికి ఉన్నట్టుండి రంగు మారే ద్రావణంతో, టైమ్ చూసుకుని ఆపేవాళ్ళు ఉంటారు. ఆ గంటలో మీ పక్కన నిలబడి గాఢత లెక్కలు వేసిన కుర్రాడు మీకు జీవితాంతం గుర్తుంటాడు, పదేళ్ళ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తుతాడు.

ఇంటర్వ్యూల సంగతికొస్తే, ప్యానెల్లో కూర్చున్నప్పుడు నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇక్కడే చెప్పేస్తున్నాను. ఒక లీటర్ ఫ్లాస్క్‌లో వేడి పుట్టే రియాక్షన్ చల్లగా, హాయిగా నడిచింది. దాన్ని వెయ్యి లీటర్ల పాత్రలోకి తీసుకెళ్తున్నాం, ఏమవుతుంది? కొలతలు పదింతలైతే ఘనపరిమాణం వెయ్యింతలు, గోడ వైశాల్యం వందింతలే. లీటర్‌కి దొరికే చల్లబరిచే గోడ పదోవంతుకి పడిపోయింది. ఇక్కడిదాకా చాలామంది వస్తారు. "అయితే కూలింగ్ నీళ్ళు ఆగిపోతే?" అని తనంతట తనే అడిగిన అభ్యర్థి మీద నాకు గౌరవం పెరుగుతుంది. 2007 డిసెంబర్‌లో ఫ్లోరిడాలోని టీ2 ల్యాబొరేటరీస్‌లో సరిగ్గా ఈ దారిలోనే రియాక్టర్ పేలి నలుగురు పోయారు, వాళ్ళలో ఒకరు ఆ కంపెనీ యజమానుల్లో ఒకరైన కెమికల్ ఇంజనీరే. ఆ విచారణ తర్వాతే రియాక్టివ్ హజార్డ్స్ (రసాయన చర్యలు అదుపు తప్పే ప్రమాదాలు) గురించి డిగ్రీలోనే చెప్పాలని యు.ఎస్. కెమికల్ సేఫ్టీ బోర్డు సిఫార్సు చేసింది. ఆ బోర్డు రిపోర్టులు, యానిమేషన్ వీడియోలు ఇంటర్నెట్‌లో ఉచితం. నెలకొకటి చూసి నలుగురు కూర్చుని "ఎక్కడ ఎవరిని అడిగి ఉంటే ఇది ఆగేది?" అని మాట్లాడుకోండి. కోచింగ్ మెటీరియల్ కన్నా అదే మిమ్మల్ని ఇంటర్వ్యూకి బాగా సిద్ధం చేస్తుంది.

నేను చెప్పాలనుకున్నది అయింది, ఇక మీరు అడగండి.

(సభలోంచి ఒక విద్యార్థి: సార్, నాకు మార్కులు తక్కువ. ఇలా మెసేజ్ పెడితే మొదట మార్కులే అడుగుతారేమోనని టెన్షన్.)

మీరు ఉద్యోగం అడగనంతకాలం ఎవరూ మార్కులు అడగరు. కొన్ని కంపెనీలకి కటాఫ్ ఉంటుంది, అది నిజం, దాన్ని పరిచయాలు దాటించలేవు, అలా దాటిస్తామనేవాళ్ళని నమ్మకండి కూడా. కానీ కటాఫ్ లేని చోట్లు చాలా ఉన్నాయి, చిన్న ప్లాంట్లు, పరికరాలు తయారుచేసే కంపెనీలు. వాళ్ళు ఎక్కడా ప్రకటించకుండానే తెలిసినవాళ్ళని అడిగి తీసుకుంటుంటారు. మీకు ఈ దారి మిగతావాళ్ళకన్నా ఎక్కువ అవసరం. ఒక సబ్జెక్టు పట్టుకోండి, పంపులో, హీట్ ఎక్స్ఛేంజర్లో ఏదో ఒకటి, దాంట్లో మాత్రం ఎవరేం అడిగినా తడబడకుండా ఉండేదాకా చదవండి.

(ఒక విద్యార్థిని: ప్లాంట్ ఉద్యోగాలు అమ్మాయిలకి సరిపడవని ఇంట్లో అంటున్నారు. ఏం చెప్పమంటారు?)

ఇంట్లోవాళ్ళకి నేను చెప్పడం కాదమ్మా, ప్లాంట్‌లో పనిచేస్తున్న ఆవిడ చేత చెప్పించండి. అలాంటి ఒకావిడని వెతికి పట్టుకుని ముందు మీరు నిర్మొహమాటంగా అడగండి: రాత్రి షిఫ్ట్‌లో రవాణా ఎలా, కంట్రోల్ రూమ్ దగ్గర్లో టాయిలెట్ ఉందా, సేఫ్టీ బూట్లు, గ్లవ్స్ మీ సైజులో ఇస్తారా, షిఫ్ట్‌లో ఒక్కరే ఆడవాళ్ళా ఇంకా ఉన్నారా, గర్భవతిగా ఉన్నప్పుడు సాల్వెంట్ ఏరియా నుంచి మార్చారా. ఇవి చిన్న ప్రశ్నలు కావు, ఉద్యోగం నిలబడుతుందా లేదా తేల్చేవి ఇవే. జవాబులు బాగుంటే ఇంట్లో చూపించండి. బాగోకపోతే తప్పు ఆ ప్లాంట్‌ది, మీది కాదు, ఇంకో ప్లాంట్ చూడండి.

(ఇంకొక విద్యార్థి: మెసేజ్ పెడితే జవాబు రాకపోతే?)

పది రోజులు ఆగండి. ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి, ఆ మధ్యలో మీరేమైనా కొత్తగా కనుక్కుని ఉంటే అదీ రాయండి. అప్పటికీ రాకపోతే వదిలేసి ఇంకొకరికి రాయండి. ఆ మనిషి షట్‌డౌన్‌లో (ప్లాంట్ ఆపి మరమ్మతులు చేసే పనిలో) ఉండి ఉండొచ్చు, అప్పుడు మా అందరికీ నిద్ర కూడా ఉండదు, ఇన్‌బాక్స్ తెరిచే తీరికెక్కడిది. మూణ్ణెల్ల తర్వాత జవాబిచ్చినవాళ్ళూ ఉన్నారు. వస్తే "ఇప్పుడెందుకులే" అనుకోకుండా ఆ రోజే బదులు రాయండి.